మట్టికి నలభై రోజుల పురుడు

మా అక్‌తెపాలో పశువుల మేతకేసే లూసర్న్ గడ్డి ఎంత ఏపుగా పెరిగేదంటే, ఒకసారి మా ముర్తజా బాబాయి టోపీ గాలికెగిరి చేలో పడితే రెండో కోతకి గానీ దొరకలేదు. దొరికేసరికి అందులో ఒక పిట్ట గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, పెద్దదానికి సంబంధం కూడా ఖాయం చేసేసింది. ఇది నమ్మకపోతే మానండి. కానీ ఆ గడ్డి దున్నేసిన చేలో పత్తి వేస్తే కాయ పిడికిలంత కాసేదన్న మాట మాత్రం నమ్మి తీరాలి. ఫెర్గానా లోయలో ఏ ముసలాణ్ణి అడిగినా చెప్తాడు. మూడేళ్లు గడ్డి, ఆ పైన ఆరేళ్లు పత్తి. మా తాతలకి ఈ లెక్క ఎవరూ పుస్తకం తీసి చెప్పలేదు.

అలాంటి ఊరి నుంచి పన్నెండు కుటుంబాల వాళ్లం మిర్జాచూల్‌కి వచ్చి పడ్డాం. ఆకలి మైదానం అని దాని పేరు. కొత్తగా కాలువ తవ్వారు, నీళ్లు వదిలారు, భూమి చూపించి ఇక్కడ పత్తి పండించండి అన్నారు. పొద్దున లేచి చూస్తే రాత్రి మంచు కురిసిందా అన్నట్టు నేలంతా తెల్లగా ఉండేది. వేలు అద్ది నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు. మా ఇంట్లో మొదటి ఏడాదంతా కూరలో ఉప్పు వేయలేదు, గాలి వాటంగా కిటికీ తెరిస్తే చాలేది.

మా బృందానికి పెద్ద మా ఖోల్బువి పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు. యుద్ధానికి వెళ్లిన ఆవిడ భర్త తిరిగి రాలేదు. ఆయన పార ఆవిడ భుజానికెక్కింది, మళ్లీ దిగలేదు. ఆవిడకి రెండే గర్వాలు. ఒకటి, తన బోదెలు దారం పెట్టి గీసినట్టుంటాయి. రెండోది, కాపురానికొచ్చిన నాటి నుంచి రొట్టెల పులిపిండి ముద్ద కోసం పొరుగింటి గడప తొక్కలేదు. మా ఆడవాళ్లకి ఆ ముద్ద ఎండిపోతే పక్కింటికెళ్లి ఇంత తెచ్చుకోవడం మామూలే. పిన్ని ముద్ద మాత్రం ఎప్పుడూ ఎండదు. ఊరందరికీ ఆవిడే ఇచ్చేది.

రెండేళ్లు పత్తి వేశాం. మొదటి ఏడు నడుముదాకా వచ్చింది, రెండో ఏడు మోకాలి దగ్గర ఆగిపోయింది. మూడో ఏడు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవడానికి మా పిన్నికి చదువు అక్కర్లేదు. మా ఉమ్మడి పొలం ఛైర్మన్ సొత్తిబాయ్ దగ్గరికి వెళ్లింది. నేను వెనకాల నిలబడ్డాను.

"కాలువ పక్క ఎనిమిది హెక్టార్లు మూడేళ్లు లూసర్న్‌కి వదిలెయ్, తమ్ముడూ," అంది.

సొత్తిబాయ్ కుర్చీలో కూర్చున్నా మనతో సమానంగా కనిపించేంత పొడుగు మనిషి. "అక్కా, పైవాళ్లు నన్ను పత్తి అడుగుతున్నారు. గడ్డి అడగట్లేదు."

"నేల అడుగుతోంది కదా!"

"నేల ఫోన్ చేసి తిట్టదు. వాళ్లు తిడతారు."

చివరికి ఒక వేసవి ఇచ్చాడు. ఆగస్టు మొదటి వారానికి, రెండో కోతకి, గడ్డి తన మోకాలు దాటాలి. దాటకపోతే ఆ చేను దున్నించి పత్తే వేయిస్తాడు. అంతటితో పోదు. మా బృందాన్ని విడగొట్టి పన్నెండు కుటుంబాల్నీ తలో పొలానికీ పంపేస్తాడు. "ఊరు మూటగట్టుకుని వచ్చారు కాబట్టి ఊరి పాత కబుర్లే చెప్తున్నారు. విడిపోతే బాగుపడతారు," అన్నాడు.

బయటికొచ్చాక నేనన్నాను: "పిన్నీ, ఆయన మోకాలు అంటే మన తొడ."

"కొలవనీ. మన గడ్డికి మోకాళ్లు లెక్కా?" అని, నన్ను ఆ వారమే అక్‌తెపాకి రైలెక్కించింది. పాత లూసర్న్ చేలోంచి మట్టి తెమ్మని.

అది మా ఊరి ఆచారం. కొత్త చేలో గడ్డి గింజ వేసేటప్పుడు పాత గడ్డి చేలోంచి నాలుగు గంపల మట్టి తెచ్చి చల్లుతాం. ఎందుకని అడిగితే మా నాన్న, "రొట్టెకి పులిపిండి ఎందుకు?" అనేవాడు. అంతకుమించి ఎవరికీ తెలీదు. తెలియాల్సిన పనీ పడలేదు.

బస్తా నిండా మట్టితో రైలెక్కాను. టికెట్ చూసేవాడు అందులో ఏముందన్నాడు. మా ఊరు అన్నాను. వాడు మూడు స్టేషన్ల దూరం నా మొహమే చూశాడు.

ఫిబ్రవరిలో తిరిగొచ్చాను. విత్తడానికి ఇంకా నలభై రోజులుంది. ముందు నీళ్లు నిలగట్టి ఉప్పు కడగాలి. అదే పిన్నికి పట్టుకుంది. నలభై రోజులు! మా దగ్గర బిడ్డ పుడితే నలభై రోజులు గది దాటనివ్వరు. వెచ్చగా ఉంచుతారు, పరాయి కళ్లు పడనివ్వరు, పొద్దునా సాయంత్రం దిష్టికి ఇసిరిక్ ఆకు పొగ వేస్తారు. పిన్ని బస్తా నిమిరి, "పాపం, అంత దూరం నుంచి వచ్చింది. ఈ గాలికి దడుచుకుంటుంది," అంది.

అంతే, మట్టికి పురుడు మొదలైంది. దాన్ని తెల్లగుడ్డలోకి మార్చి, తందూరు గోడకి ఆనించి, పైన దుప్పటి కప్పారు. రోజూ రెండు పూటలా పొగ. పొగ వేసే పని నాది. నేనేం తక్కువ తిన్నానా? పిన్ని ఒక పిడికెడు ఆకు వేయమంటే నేను రెండు వేశాను. నలభై రోజులకి ఆ మట్టి ఎంత ఆరిందంటే ఊదితే పిండిలా లేచేది. "చూడు, ఎంత తేలిక పడిందో! బెంగ తీరింది," అంది పిన్ని. మార్చి ఆఖర్న బిస్మిల్లా అని గింజతో కలిపి చల్లాం.

మొలక బాగానే వచ్చింది. అరచేయి ఎత్తు వచ్చి అక్కడ ఆగింది. ఆగడమే కాదు, పసుపెక్కింది. కామెర్లొచ్చిన మనిషి కళ్లలా. నీళ్లు పెట్టాం, మళ్లీ పెట్టాం. ఇంకా పసుపెక్కింది. కాలువ అవతలి బృందం వాళ్లు గట్టు మీద నుంచి అరిచేవాళ్లు: "అక్‌తెపా వాళ్లూ! కుంకుమపువ్వు వేశారా?"

అప్పుడు వచ్చింది ముఅత్తర్. తాష్కెంట్‌లో వ్యవసాయం చదివి కొత్తగా మా పొలానికి ఉద్యోగానికొచ్చిన పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. తన పాదాలకి రెండంతలున్న బూట్లు. చేలో దిగి, నా పార తీసుకుని, ఒక మొక్కని మట్టి గడ్డతో సహా లేపి, బోదెలో కడిగి వేరు చూపించింది.

"పెద్దమ్మా, దీని వేళ్లకి బుడిపెలేవి?"

"బుడిపెలెందుకుంటాయి, రోగమా?" అంది పిన్ని.

"రోగం కాదు, వంటగది. కంటికి కనపడని జీవులుంటాయి మట్టిలో. లూసర్న్ వేరులోకి దూరి చిన్న బుడిపె కట్టుకుని అందులో కాపురం పెడతాయి. మొక్క వాటికి తీపి పెడుతుంది. అవి గాలిలో ఉన్న సత్తువని పట్టి మొక్కకి వండి పెడతాయి. మనం గాలి పీలుస్తాం, వదిలేస్తాం. అవి వదలవు. ఆ సత్తువే తర్వాత పత్తికి వస్తుంది. ఈ నేలలో ఎప్పుడూ లూసర్న్ లేదు. అందుకని ఆ జీవులూ లేవు. ఇవి ఆకలితో ఉన్నాయి, పెద్దమ్మా."

"లేకపోవడమేంటి? మా ఊరి మట్టి చల్లాంగా!" అన్నాను నేను. రైల్లో మోసినవాణ్ణి, నాకు కోపం రాదా!

ముఅత్తర్ మొహం వెలిగింది. "మట్టి తెచ్చారా? మీకెవరు చెప్పారు? మా ప్రొఫెసర్ దీని మీద ఒక ఏడాది పాఠం చెప్పాడు! ఎప్పుడు తెచ్చారు? తడిగానే చల్లారా?"

నేను పిన్ని వైపు చూశాను. పిన్ని నా వైపు చూసింది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. తందూరు గోడ, తెల్లగుడ్డ, దుప్పటి, నలభై రోజుల పొగ, అన్నీ చెప్పింది. ఆ పిల్ల నవ్వుతుందని నేను పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. నవ్వలేదు. మెల్లిగా అంది: "ఎండిపోయాయి, పెద్దమ్మా. వేడికీ పొగకీ చచ్చిపోయుంటాయి. అవి బతికున్నవి."

పిన్ని ఆ వేరు చేతిలోకి తీసుకుంది. "పులిపిండిని తందూర్లో పెట్టాను నేను," అంది. "చంటిదని పొదివిపట్టుకుని, కాల్చి చంపాను."

మళ్లీ అక్‌తెపా వెళ్తానన్నాను. ముఅత్తర్ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. పోనూ రానూ, దారి ఎండా కలిపితే జూన్ సగం అయిపోతుంది. బుడిపెలు కట్టి మొక్క లేవడానికి నెలపైన పడుతుంది, ఆగస్టుకి అందదు. దగ్గర్లో పాత లూసర్న్ ఎక్కడైనా ఉందా అని అడిగింది. మైదానంలో లూసర్న్ ఎక్కడిది? ఒంటెలు తినే ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు.

అప్పుడు మా గాడిద వచ్చింది. ఈ కథలో అసలు శాస్త్రవేత్త అదే. దానికి బిరుదు ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ బాధే. రోజూ సాయంత్రం కట్టు తెంపుకుని పోయేది, మర్నాడు పొద్దున ఠీవిగా తిరిగొచ్చేది. దానికెవరో ప్రేయసి ఉందనుకున్నాం. ముఅత్తర్ దాని మూతి పట్టుకుని చూసింది. మూతి చుట్టూ ఆకుపచ్చ.

"ఈ గాడిద ఎక్కడ మేసి వస్తోంది?"

ఆ సాయంత్రం దాని వెనకాలే నడిచాం. అది మమ్మల్ని తిన్నగా పాత బావి దగ్గరికి, కజఖ్ ముసలావిడ ఉల్మెకెన్ గుడారం దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ గొర్రెల దొడ్డి వెనక, ఒక పెళ్లివిందు చాపంత మేర, నడుమెత్తు లూసర్న్! ఊదా పూలు, తేనెటీగలు. ఎన్నో ఏళ్ల కింద చలికాలానికి ఎక్కణ్నుంచో తెచ్చిన ఎండుగడ్డిలో గింజలు రాలాయట. ఎవరూ విత్తలేదు, ఎవరూ దున్నలేదు. ముఅత్తర్ ఒక వేరు తీసి చూపించింది. బుడిపెలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు.

"ఎరుపుందంటే పని చేస్తున్నాయని," అంది.

నేను గంతేశాను. మా పిన్ని గంతు వేయలేదు. ఎందుకో నాకు తెలుసు.

మేం వచ్చిన మొదటి వేసవిలో ఉల్మెకెన్ తన ఒంటెని నీళ్లకి మా కాలువకి తోలుకొచ్చింది. ఒంటె పిన్ని బోదె ఒకటి తొక్కింది. దారం పెట్టి గీసిన బోదె! పిన్ని పార అడ్డం పెట్టి, అందరి ముందూ అంది: "పార పట్టడం రానివాళ్లకి కాలువ నీళ్లెందుకు?" ఉల్మెకెన్ ఒంటెని తిప్పుకుని వెళ్లిపోయింది. అప్పట్నుంచి బావిలో నీళ్లే తోడుతోంది, చేంతాడు అరవై బారలు.

మర్నాడు పొద్దున్నే పిన్ని బట్టలు మార్చుకుని, రుమాల్లో ఆరు రొట్టెలు కట్టుకుని బయల్దేరింది. నన్ను రావద్దంది. కాబట్టి నేను పది అడుగుల వెనక వెళ్లాను.

ఉల్మెకెన్ గుడారం ముందు కూర్చుని తోలుతిత్తిలో పాలు చిలుకుతోంది. తల ఎత్తలేదు.

"ఏమ్మా, కాలువ ఎండిపోయిందా?"

"కాలువ బానే ఉంది. నేనే ఎండిపోయాను," అంది పిన్ని.

చిలకడం ఆగింది. "పార పట్టేవాళ్లు కూడా ఎండుతారా?"

"పార పట్టినంత మాత్రాన తెలివి వస్తుందా! నేను మా ఊరి మట్టిని తందూరు పక్కన పెట్టి కాల్చాను. నలభై రోజులు. పొగ వేసి మరీ."

ఉల్మెకెన్ పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. పకపకా నవ్వింది. ఆవిడ పొట్ట కదిలి తోలుతిత్తి కూడా ఊగింది. "పొగ కూడానా! జోల పాడలేదూ?"

"పాడాను," అంది పిన్ని. అది నాకే తెలీదు సుమండీ.

ఇంకాసేపు నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని ఉల్మెకెన్ అడిగింది: "ఇప్పుడేం కావాలి?"

పిన్ని రొట్టెల మూట విప్పి ఆవిడ ముందు పెట్టింది. "నా పులిపిండి చచ్చిపోయింది. నీ దగ్గరుంది. ఇంత ఇస్తావా, వదినా?"

అంత పొగరుమోతు పిన్ని ఒక గడప ముందు నిలబడి అడగడం నేను పుట్టాక అదే చూడ్డం. చెప్తున్నాను, నాకు ఆ క్షణం ఆవిడ మీద పుట్టిన గర్వం, ఆ తర్వాత ఆవిడకి పతకం ఇచ్చినప్పుడు కూడా పుట్టలేదు.

"వదిన అని ముందే పిలిచుంటే ఆ ఏడే ఇచ్చేదాన్ని," అంది ఉల్మెకెన్. "తీసుకో. ఎంత కావాలంటే అంత. కానీ నేను చెప్పినట్టు మోయాలి. పొద్దు పొడవకముందు తవ్వాలి, తడి కంబళిలో చుట్టాలి. ఎండ మొహం చూపించొద్దు. నా ఒంటె మోస్తుంది. మోసినందుకు రోజూ పొద్దున మీ కాలువలో నీళ్లు తాగుతుంది."

"బోదె తొక్కితే?"

"తొక్కుతుంది. ఒంటె కదా."

"తొక్కనీ," అంది పిన్ని. మా కుటుంబంలో ఎవరూ ఈ మాట నమ్మలేదు.

మర్నాడు వేకువన ఏడు మూటల తడిమట్టి వచ్చింది. ఎనిమిది హెక్టార్లకి చేత్తో చల్లితే ఏ మూలకీ చాలదు. ముఅత్తర్ తల గోక్కుంటుంటే పిన్ని అంది: "అమ్మాయ్, మీ ప్రొఫెసరు షర్బత్ చెప్పలేదా?" మా ఊళ్లో పెంట నీళ్లలో కలిపి బోదెల్లో పారించడాన్ని పొలానికి షర్బత్ పట్టడం అంటాం. ఆ పిల్ల చేతులు చరిచింది. కాలువ తూము దగ్గర చిన్న గుంట తవ్వాం. అందులో మట్టి పోసి పారలనే తెడ్లుగా వాడి కలిపాం. గోధుమరంగు నీళ్లు పిన్ని బోదెల్లోంచి వరుసగా, ఎక్కడా తెగకుండా పారాయి. దారం పెట్టి గీసినవి కదా, ఆ రోజు తెలిసింది ఎందుకో. మబ్బు పట్టిన రోజు, పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించాం. చివరి మూల అర హెక్టారుకి మాత్రం చిక్కని నీళ్లు అందలేదు, ఉత్త నీళ్లే వెళ్లాయి.

మొదటి కోత అవమానమే. అవతలి బృందం వాళ్లు కుంకుమపువ్వు ధర అడిగారు. జూలై మొదట్లో ఒకరోజు నేను గట్టు మీద నిలబడి కళ్లు నులుముకున్నాను. ఆకుపచ్చ తూము దగ్గర మొదలై బోదెల వెంబడే దిగుతోంది, ఎవరో కుంచెతో గీస్తున్నట్టు. వారానికల్లా చేనంతా పాకింది, ఆ చివరి మూల తప్ప. అక్కడ గీత గీసినట్టు ఆగింది. ఇటు పచ్చ, అటు పసుపు.

పిన్నికి ఆ మూల చూస్తే తల కొట్టేసినట్టుండేది. "ఇంకో రెండు మూటలు తెస్తాను. ఛైర్మన్ చూస్తే ఏమనుకుంటాడు?"

"అది ముట్టుకోకండి పెద్దమ్మా," అంది ముఅత్తర్. "ఛైర్మన్‌కి మీరేం చెప్పక్కర్లేదు. ఆ మూల చెప్తుంది."

ఆగస్టు రెండో తారీఖున సొత్తిబాయ్ గుర్రం మీద వచ్చాడు. అవతలి బృందం అంతా పని మానేసి గట్టు మీద వరసగా కూర్చుంది. ఆయన దిగి చేలోకి నడిచాడు. మోకాలు మునిగింది. ఇంకో పది అడుగులు వేశాడు, నడుము బెల్టు దగ్గర పూలు తగిలాయి. అక్కణ్ణుంచి చివరి మూలకి వెళ్లాడు. అక్కడ గడ్డి ఆయన చీలమండ దగ్గర ఆగింది. గీతకి ఇటో కాలు, అటో కాలు వేసుకుని నిలబడ్డాడు.

"ఒకటే గింజ?" అన్నాడు.

"ఒకటే," అంది పిన్ని.

"ఒకటే నీళ్లు?"

"ఒకటే కాలువ. కానీ ఇటు షర్బత్, అటు ఉత్త నీళ్లు."

పిన్ని వంగి ఇటో మొక్క, అటో మొక్క వేళ్లతో సహా పెకలించి ఆయన చేతిలో పెట్టింది. ఒకదానికి బుడిపెలు, రెండోది బోడి. గోటితో బుడిపె చిదిమింది. ఆయన వేలికి ఎర్రటి తడి అంటుకుంది.

"రక్తంలా ఉందేంటక్కా?"

"పని చేసేవాళ్లకి రక్తం ఉండదా తమ్ముడూ?"

ఆయన వేలు ప్యాంటుకి తుడుచుకోలేదు.  ఈలోగా ఆయన గుర్రం చేలో దిగి మేయడం మొదలుపెట్టింది. నలుగురు లాగినా కదల్లేదు. ఎనిమిదిమంది లాగాం. చివరికి ఛైర్మన్ నడిచే ఆఫీసుకి వెళ్లాడు. గుర్రం మూడు రోజుల తర్వాత తనంతట తానే వచ్చిందట, కానీ ఆఫీసు తలుపులో పట్టలేదు.

వెళ్లేముందు అన్న మాట మాత్రం అబద్ధం లేకుండా చెప్తున్నాను. "మూడేళ్లు మీదే. పన్నెండు కుటుంబాలూ ఇక్కడే. పైవాళ్లు తిడితే నేను పడతాను. ఆ మూల అలాగే ఉంచండి, మిగతా బృందాల వాళ్లకి చూపించాలి."

గట్టు మీద కుంకుమపువ్వు వాళ్లు ఒక్కొక్కరే లేచి దుమ్ము దులుపుకున్నారు.

మూడో ఏడాది శరత్కాలంలో ఆ చేను దున్నాల్సి వచ్చింది. చివరిసారి పెరిగిన గడ్డిని కోయకుండా, పచ్చిరొట్టగా నేలలోకే తొక్కాలి. ట్రాక్టర్ నడిపేది నేనే. నిండా పూలు, తేనెటీగలు. నాకు చేయి రాలేదు. "పిన్నీ, ఇంత చేసి..." అన్నాను.

"నేల దగ్గర తెచ్చుకుంది నేలకిచ్చెయ్యాలి. దున్నరా," అంది. గట్టు మీద ఉల్మెకెన్ పక్కన నిలబడి, మొదటి సాలు తిరగబడేదాకా కదల్లేదు. నల్లటి మట్టి లేచింది. ఉప్పు తెలుపు ఎక్కడా లేదు.

మరుసటేడు అక్కడ పత్తి నా భుజం దాటింది. పిడికిలంత కాయలు. కొన్ని కాయల్ని ఇద్దరు పట్టుకుని కోశారని నేనంటే మా ముఅత్తర్ కోప్పడుతుంది. "మీ అబద్ధాలు కలిస్తే నిజం ఎవరూ నమ్మరు," అంటుంది. తర్వాత ఆ పిల్ల మా తమ్ముడి భార్యయింది కాబట్టి ఆ హక్కు ఉంది.

అప్పట్నుంచి చుట్టుపక్కల అన్ని బృందాల వాళ్లూ తడి కంబళ్లు పట్టుకుని మా పిన్ని గుమ్మం ముందు వరస కట్టారు. అందరికంటే ముందు వచ్చింది కాలువ అవతలి వాళ్లే. పిన్ని వాళ్లని కూర్చోబెట్టి, టీ పోసి, రొట్టె తుంపి, తిన్నాక చెప్పేది: "మట్టి నాది కాదు. ఉల్మెకెన్ వదినది. వెళ్లి ఆవిణ్ణి అడగండి."

వాళ్లు బావి దాకా నడిచేవాళ్లు. ఉల్మెకెన్ కూర్చోబెట్టి, ఒంటె పాలు పోసి, ఎండుపెరుగు ఉండలు పెట్టి, తిన్నాక చెప్పేది: "నాది గొర్రెల దొడ్డి. చేను చేసింది ఖోల్బువి. ఆవిణ్ణి అడగండి."

మళ్లీ ఇటు. మళ్లీ టీ. ఆ మైదానంలో ప్రతి లూసర్న్ చేనూ కనీసం నాలుగు గిన్నెల టీ మీద మొలిచింది. దారి మధ్యలో నీళ్లు తాగి తిరిగొస్తున్న ఒంటె ఎదురయ్యేది, కాళ్లకి పిన్ని బోదె బురదతో.